నవ్వు కోసం వదిలిన జాగా

పోయిన వారం మీరు నన్ను నా ఎడిటింగ్ గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లతో, ఏడుపు కూడా రాని స్థితిలో వదిలేసి వెళ్ళారు. ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నేను సినిమాలు కోస్తాను, ఈ రంగంలో అందరూ నన్ను కత్తెర అంటారు. మా తమ్ముడు హాస్య సినిమాలకు మాటలు రాసేవాడు. మూడేళ్ళ కిందట, ఒక మామూలు గురువారం, తన గదిలో తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఒక కాగితం రాసిపెట్టాడు. అది చదివింది అమ్మా నేనూ, ఇద్దరమే. ఇప్పటికీ అమ్మ కుట్టుమిషను సొరుగులో, దారపు ఉండల కింద ఉంటుంది.

వాడి ప్రాణస్నేహితుడు ఒకడున్నాడు. సగం మా ఇంట్లోనే పెరిగాడు, నన్ను అక్కా అంటాడు. వాడిప్పుడు డైరెక్టర్. చావాలనుకునే ఒక సేల్స్‌మేన్ మీద నవ్వుల సినిమా తీసి, "నవ్వు పండాలంటే నువ్వే కొయ్యాలక్కా" అని నా చేతిలో పెట్టాడు. ఆ సినిమాలో, ఇంటర్వెల్ ముందు, హీరో ఒక ఉత్తరం రాసి పైకి చదువుతాడు. ప్రతి ముక్కా మా తమ్ముడిది. "పాలాయనకు రేపటి నుంచి అర లీటరు చాలని చెప్పండి, మర్చిపోతే మిగిలినవి విరిగిపోతాయి" అన్న ముక్కతో సహా. ఆ ముక్క దగ్గర హాలంతా నవ్వాలని స్క్రిప్టు పక్కన పెన్సిలుతో రాసి ఉంది.

ఇదీ సంగతి. పరామర్శకని వచ్చి, అమ్మ చేతి కాఫీ తాగి, సొరుగు తెరిచి దొంగిలించాడని నా లెక్క.

వాణ్ణి నిలదీసి అడగొచ్చు కదా అంటారు మీరు. అడిగితే ఏమవుతుంది? కాళ్ళ మీద పడతాడు, ఏడుస్తాడు, సీను తీసేస్తానంటాడు. తీసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. వాడి మంచితనం వాడికే మిగులుతుంది. నాకది అక్కర్లేదు. నలుగురిలో, వెలుగులో, వాడి సినిమా వాడి మొహానే పగలాలి. శనివారం ఉదయం పది గంటలకు, ఇంటర్వెల్ దాకా మాత్రమే ప్రివ్యూ. నిర్మాత, ఆయన తాలూకు నలభై మంది. అది బాగుంటే అదే రోజు పన్నెండు గంటలకు సినిమా కొనేవాళ్ళకు ఆట. ఆ నలభై మంది ముందే వాడి పరువు తీయాలనుకున్నాను. ఆ తర్వాత నాకు ఈ రంగంలో పని దొరకదని తెలుసు. దొరక్కపోతే పోనీ అనుకున్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. హాస్యం కోసేవాళ్ళు జోకు పడిన వెంటనే తర్వాతి మాట వేయరు. వేస్తే జనం నవ్వులో ఆ మాట కొట్టుకుపోతుంది. అందుకని రెండు సెకన్లో, రెండున్నరో ఖాళీ వదులుతాం. ఎవరో గ్లాసు ఎత్తుతుంటారు, గోడ గడియారం కనిపిస్తుంది, ఎవరూ మాట్లాడరు. దాన్ని నవ్వు జాగా అంటాం. చిన్న నవ్వుకు ఎంత, పెద్ద నవ్వుకు ఎంత, మొదటి వరసవాళ్ళు నవ్వాక చివరి వరసకు అందడానికి ఎంత అన్నది నా వేళ్ళకు తెలుసు. నన్ను పిలిచేదే దానికోసం. జనం నవ్వకపోతే మటుకు ఆ జాగా అంత ఘోరం ఇంకొకటి ఉండదు. విస్తరి వేసి వడ్డించడం మర్చిపోయినట్టు ఉంటుంది.

ఈ రకం సినిమాలకూ ఒక పద్ధతి ఉంది. చావాలనుకున్నవాడు తలుపేసుకుంటాడు. మొదటిసారి కరెంటు పోతుంది. రెండోసారి రాంగ్ నంబరు వస్తుంది, అవతలి మనిషి వీడికి అరగంట సేపు బీమా పాలసీ వివరిస్తాడు. మూడోసారి సరిగ్గా సమయానికి డోర్‌బెల్ మోగుతుంది. పక్కింటావిడ పిల్లి తప్పిపోయిందంటుంది. వీడు విసుక్కుంటూ పిల్లిని వెతకడానికి పోతాడు, పిల్లితో పాటు వీడికి బతుకు మీద ఆశ కూడా దొరుకుతుంది, ఆఖరున అందరూ కలిసి పాట పాడతారు. ఇలాంటివి నా చేతుల మీదుగా తొమ్మిది వెళ్ళాయి. దాచడం ఎందుకు, ఒకప్పుడు నేనూ పడీపడీ నవ్వాను. బెల్లు ఎన్నో ఫ్రేములో మోగితే హాలు గొల్లుమంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మా ఇంట్లో ఆ గురువారం ఎవరూ బెల్లు కొట్టలేదు. అమ్మ టైలరింగ్ షాపులో ఉంది. నేను ఇదే గదిలో, ఇదే కుర్చీలో, ఎవడిదో నవ్వుల సినిమాలో బెల్లును ఆరు ఫ్రేములు ముందుకు జరుపుతున్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

అందుకని బెల్లు తీసేశాను.

శుక్రవారం తలుపేసుకుని చేశాను ఆ పని. నా గది తలుపు మీద 'కోత జరుగుతోంది, తట్టినవాళ్ళ బాధ్యత వాళ్ళదే' అని బోర్డు ఉంటుంది. నా నోటికి భయపడి నిర్మాత కూడా తట్టడు. డైరెక్టర్ కోరిన కోత ఏమిటంటే, పాల ముక్క, మూడు సెకన్ల నవ్వు జాగా, బెల్లు, పక్కింటావిడ, పిల్లి, ఇంటర్వెల్. నేను చేసిన కోతలో పాల ముక్క ఉంది, దాని తర్వాత మూసిన తలుపు ఉంది. పదకొండు సెకన్లు. సంగీతం లేదు, ఫ్యాను చప్పుడు కూడా లేదు. బెల్లు లేదు, ఆవిడ లేదు, పిల్లీ లేదు. తెర నల్లబడి ఇంటర్వెల్. మా ఇంట్లో మోగని బెల్లు నీ సినిమాలో ఎందుకు మోగాలిరా అనుకుంటూ ఫైలు సేవ్ చేశాను. పాత కోతను కూడా పక్కన ఉంచాను. అది అలవాటు, అంతకు మించి ఏమీ లేదు.

శనివారం పది గంటలకు హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ప్రొజెక్టర్ నడిపే పెద్దాయన నన్ను చూసి, "ఏమ్మా, కూర్చోవా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. డైరెక్టర్ మూడో వరసలో, నిర్మాత పక్కన, గోళ్ళు కొరుకుతూ కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. అమ్మ ఎన్నిసార్లు చెయ్యి మీద కొట్టిందో. అది గుర్తుకొచ్చి కొంచెం మెత్తబడబోయి, మళ్ళీ పళ్ళు బిగించాను.

కరెంటు పోయింది, నవ్వారు. రాంగ్ నంబరు వచ్చింది, విరగబడి నవ్వారు. నిర్మాత తొడ చరుచుకున్నాడు. నా కోతే కదా, నవ్వరా మరి. హీరో కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. ఒకచోట కళ్ళజోడు ముక్కు మీదకు జారింది, నవ్వారు. పాలాయన ముక్క వచ్చింది. నలభై మందీ ఒకేసారి నవ్వారు.

మా తమ్ముడు రాసిన ఆఖరి ముక్కకు జనం నవ్వారు. మీరేమనుకున్నా సరే, ఒక్క క్షణం, రవ్వంత, గర్వంగా కూడా అనిపించింది. వాడు ఏం రాసినా నవ్వేవాళ్ళు.

ఆ తర్వాత నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నవ్వు తగ్గింది. నాలుగు. బెల్లు కోసం ఎదురుచూశారు, ఇలాంటి సినిమాలు వాళ్ళూ చూసినవాళ్ళే. ఐదు. ఎవరో దగ్గారు. ఆరు. ఒక కుర్చీ కిర్రుమంది. అంతసేపు నవ్విన మొహాలు ఆ నవ్వును ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే తెరిచి ఉండిపోయాయి. డైరెక్టర్ వెనక్కి తిరిగి చీకట్లో నా కోసం వెతికాడు. చూడరా, బాగా చూడు అనుకున్నాను. ఏడు. ఎనిమిది.

"ఎవరైనా బెల్లు కొట్టండి."

ఆఖరి వరస నుంచి వచ్చింది ఆ మాట. అరుపు కాదు. బస్సులో కిటికీ వేయమని అడిగినంత మామూలుగా ఉంది. అది మా అమ్మ గొంతు.

తెర నల్లబడింది, లైట్లు వెలిగాయి. అమ్మ ఆఖరి వరస మూలన, ఒళ్ళో కుట్టు సంచీ పెట్టుకుని, నల్లటి తెర వైపే చూస్తూ కూర్చుంది. సినిమాలో ఆ ఉత్తరం ఉందని నేను అమ్మకు చెప్పనే లేదు. చెబితే తట్టుకోలేదని, అసలు ప్రివ్యూ ఉందనే దాచాను. నేను వాడి మీద విసిరింది వెళ్ళి నేరుగా ఆవిడకు తగిలింది.

నిర్మాత లేచి నా మీదకు వచ్చాడు. "కత్తెరమ్మా, బెల్లేది? పిల్లేది? ఇది నవ్వుల సినిమానా, మరేమన్నానా?"

నేను నోరు తెరిచేలోపు డైరెక్టర్ మధ్యలోకి వచ్చాడు. "నేనే తీసేయమన్నాను సార్. ఎలా ఉంటుందో చూద్దామని. తప్పు నాదే."

అంత అబద్ధం అంత తేలిగ్గా ఆడాడు. నా ఒళ్ళు మండిపోయింది. పగ తీర్చుకుందామని నేనంతా చేస్తే, దాన్ని కూడా మంచితనంగా తన ఖాతాలో వేసుకుంటాడా వీడు? "నీ దయాధర్మాలు నాకక్కర్లేదు. గదిలోకి నడువు" అన్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని ముందు నడిచాను. ముగ్గురం లోపలికి వెళ్ళాక తలుపు వేశాను.

అమ్మ నా చక్రాల కుర్చీలో కూర్చుంది. వాడు నిలబడే ఉన్నాడు. ఆ గదిలో ఇద్దరికి మించి కూర్చోవడానికి చోటుండదు, నేను టేబులుకు ఆనుకున్నాను.

"ఆ ఉత్తరం నీకెలా వచ్చిందిరా?" అన్నాను.

వాడు నేల చూపులు చూశాడు.

"అడుగుతున్నది నిన్నే. మా ఇంట్లో తిని, మా అమ్మ సొరుగులో చెయ్యి పెట్టడానికి సిగ్గులేదూ?"

"వాడు చెయ్యి పెట్టలేదే. నేనే ఇచ్చాను" అంది అమ్మ.

నేను అమ్మ వైపు చూశాను. సంచీ తాడును వేలికి చుట్టి విప్పుతోంది.

"నువ్వా? వాడి ఆఖరి మాటలు తీసుకెళ్ళి జనం నవ్వుకోడానికి ఇచ్చావా?"

"నవ్వుకోడానికే ఇచ్చాను. ఆ పాల ముక్క చూసి ఆ రోజు నాకు ముందు నవ్వే వచ్చింది, తెలుసా నీకు? ఆ తర్వాతే ఏడ్చాను. ఆ నవ్వొచ్చినందుకు మూడేళ్ళు నన్ను నేను తిట్టుకున్నాను. వాడు జీవితమంతా రాసింది మనుషులు నవ్వాలనే కదా. ఇక్కడ నవ్వాలి, నవ్వాక బెల్లు మోగాలి అని వీడికి చెప్పాను. అది చూడ్డానికే, వీడు పిలిస్తే ఇవాళ వచ్చాను. బెల్లు మోగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అది తెర మీద మళ్ళీ చూడ్డానికి నాకు సినిమా ఎందుకే?"

కానీ కోపం ఊరికే పోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. "మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా మీరిద్దరూ గూడుపుఠాణి చేశారన్నమాట. పరాయివాడు ముందు, కన్నకూతురు తర్వాత. వీడికి ఎందుకిచ్చావమ్మా? వీడికి ఏం హక్కుంది?"

"చెప్పు బాబూ" అంది అమ్మ వాడితో.

వాడు గోళ్ళు చూసుకున్నాడు. "ఆ రోజు వాడు నాకు ఫోన్ చేశాడక్కా. మామూలుగానే మాట్లాడాడు. ఖాళీగా ఉంటే ఒకసారి రారా అన్నాడు, అంతే. నాలుగింటికి వచ్చాను."

"ఎక్కడికి?"

"మీ ఇంటికి. తలుపు దాకా వచ్చాను. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. పది నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాను. తర్వాత వెళ్ళిపోయాను."

"బెల్లు?"

"కొట్టలేదు."

లాగి ఒక్కటి పీకాను. నా చెయ్యే మండింది. వాడు చెంప తడుముకోను కూడా లేదు. ఎప్పటి నుంచో ఆ దెబ్బ కోసం ఎదురుచూస్తున్నవాడిలా నిలబడ్డాడు. "పది నిమిషాలు కూర్చున్నావా? మెట్ల మీద? వేలెత్తి ఒక్కసారి నొక్కలేకపోయావా? తొమ్మిది సినిమాల్లో ముక్కూమొహం తెలియని ముసలమ్మలు వచ్చి కొడతారు, నీకేం రోగం? నీ మూలంగా నా తమ్ముడు..."

"నోరు ముయ్యి" అంది అమ్మ. నాకు నలభై ఏళ్ళు దాటాక నన్ను ఆ మాట అనడం అదే మొదటిసారి. "బెల్లు కొడితే బతికేవాడని నీకెవరు చెప్పారు? వాడి లోపల ఏముందో ఎవరికి తెలుసు? ఆ పూటకు ఆగేవాడేమో, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళమేమో, ఆగకపోయేవాడేమో. ఎవరి మూలంగానూ కాదు. ఆ మాట మటుకు అనకు."

"అంటాను. కొట్టలేదని వాడే ఒప్పుకుంటున్నాడు. ఎందుకు కొట్టలేదో చెప్పమను."

వాడు అమ్మ వైపు చూశాడు. భయంగా చూశాడు. దెబ్బ తిన్నప్పుడు లేని భయం అప్పుడు వచ్చింది వాడి మొహంలోకి. "వద్దమ్మా" అన్నాడు.

"ఎన్నాళ్ళు దాస్తావు? నిన్ను తిడుతూనే ఉంటుంది, నువ్వు పడుతూనే ఉంటావు. ఈ రోజు దీనికి తెలియాలి. తెలియక ఏం చేసిందో చూశావుగా" అంది అమ్మ.

"నేను మాటిచ్చాను కదమ్మా, అక్కకు తెలియనివ్వనని."

"ఎవరికిచ్చావు?" అన్నాను.

"నాకు నేనే" అన్నాడు.

అమ్మ కుట్టు సంచీలోంచి, జాకెట్టు ముక్కలో చుట్టిన పలచటి వస్తువు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "మర్నాడు మనమంతా ఆస్పత్రి నుంచి వచ్చేలోపు వీడొచ్చి తలుపు మీద నుంచి తీసేశాడట. పోయిన ఏడాది నాకు చూపించి, అమ్మా, నేను బెల్లు కొట్టలేదు అని ఏడ్చాడు. అప్పుడే ఉత్తరం ఇచ్చాను, రాసుకుని తిరిగిచ్చాడు."

గుడ్డ విప్పాను. చేతి వెడల్పు అట్ట. పైన ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంది. ఆ అంటించడం మా తమ్ముడి పని, మూలలు వంకర. వాడి మొదటి సినిమా అప్పుడు వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ వాణ్ణి రాసుకోనివ్వడం లేదని నేనే దాన్ని వీధి తలుపుకు తగిలించాను. వచ్చినవాళ్ళంతా అది చదివి నవ్వి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. దాన్ని చూసి నేను మురిసిపోయేదాన్ని. మూడేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అది గుర్తుకు రాలేదు నాకు.

ఎర్ర స్కెచ్ పెన్నుతో, నా గుండ్రటి అక్షరాలు. 'లోపల రాతపని జరుగుతోంది. బెల్లు కొట్టిన చెయ్యి విరగ్గొడతాను. ఇట్లు, అక్క.'

ఫ్యాను తిరుగుతోంది. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎందుకో తెలియదు, ఆ పని తప్ప ఇంకేదీ చేతకాలేదు. పగంతా అలాగే ఉంది, అంగుళం కూడా తగ్గలేదు. అది ఎవరి మీద వేయాలో మటుకు తెలియలేదు.

"నీ కోతే వేద్దాంలే అక్కా. పన్నెండు గంటలకు కూడా అదే ఉండనీ. నాకు తగినదే" అన్నాడు వాడు నెమ్మదిగా.

"బెల్లు పెట్టు" అంది అమ్మ.

అప్పుడు చూశాను. గది తలుపు కింద సందులో రెండు చెప్పుల నీడ కదలకుండా ఉంది. ఎవరో బయట నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో ఉన్నారు.

వెళ్ళి తలుపు తీశాను. ప్రొజెక్టర్ పెద్దాయన, చేతులు కట్టుకుని, నా బోర్డుకు ఎదురుగా.

"ఎంతసేపయింది వచ్చి?" అన్నాను.

"పావుగంట అయి ఉంటుందమ్మా. లోపల అరుపులు వినపడ్డాయి. తడదామనుకుని, బోర్డు చూసి ఆగిపోయాను." ఆయన నా మొహం చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ అడిగాడు. "కొనేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఏది ఎక్కించమంటారు, బెల్లు ఉన్నదా, లేనిదా?"